స్థాలీపులాక న్యాయం మూత్రపిండపు కేన్సరుకు చెల్లదు



"ఆయుష్షును చెప్పే ప్రొటీను", "ఎన్నాళ్ళు బ్రతుకుతారో ముందే తెలిపే పరీక్ష" వంటి శీర్షికలు మన పత్రికలలోను, జాలపుటలలోను తరచు కనబడుతున్నాయి. మూత్రపిండపు కేన్సరు వంటి వ్యాధుల విషయంలో ఈ ధోరణి మరీ శ్రుతి మించింది. వ్రాసేవారు విజ్ఞానశాస్త్రాన్ని తెలుగులోకి తెస్తున్నామని నమ్ముతున్నారు. వారు తెస్తున్నది జాతకచక్రం. గ్రహాల స్థానంలో ప్రొటీనులు వచ్చి కూర్చున్నాయి, అంతే తేడా. ఈ టపా వారిపై నా అభియోగం.

నేను వైద్యుణ్ణి కాను. భాషాప్రవీణ చదివి, ఉన్నత పాఠశాలలో మూడు దశాబ్దాలకు పైగా తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. "మాస్టారూ, మీకెందుకీ గొడవ?" అని ఎవరైనా అడగవచ్చు. నా వాదం మందులను గురించి కాదు. ఒక గుర్తును చూసి, కంటికి కనబడని మరొక విషయాన్ని ఊహించటమనే పనిని గురించి. ఆ పనికి నియమాలున్నాయి. వాటిని తర్కసంగ్రహంలో చదువుకున్నాను. ఆ నియమాలను తప్పినవాడు పండితుడైనా, పాత్రికేయుడైనా, పరిశోధకుడైనా పట్టుబడక తప్పదు.

ముందు విషయం చెప్తాను. పెద్దలలో వచ్చే మూత్రపిండపు కేన్సర్లలో నాలుగింట మూడు వంతులు ఒకే రకానికి చెందినవి. సూక్ష్మదర్శినిలో కణాలు తెల్లగా, ఖాళీగా కనబడతాయి కనుక దానిని క్లియర్ సెల్ రకం అంటారు. ఈ రకపు కణాలలో చాలావాటిలో వి.హెచ్.ఎల్. అనే జన్యువు పాడైపోయి ఉంటుంది. 1993లో ఆ జన్యువును గుర్తించారు. అది చేయించే ప్రొటీను కాపలాదారు వంటిది. కణానికి ప్రాణవాయువు చాలినంత ఉన్నప్పుడు, "ఊపిరాడటం లేదు" అని కేకలు పెట్టే హిఫ్ అనే మరొక ప్రొటీనును ఎప్పటికప్పుడు తొలగిస్తూ ఉంటుంది. కాపలాదారు పోతే ఆ కేకలు ఆగవు. గాలి నిండుగా ఉన్నా కణం ఊపిరాడనట్టే ప్రవర్తిస్తుంది. కొత్త రక్తనాళాలను రప్పించుకుంటుంది, కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్-9 వంటి ప్రొటీనులను కుప్పలుగా తయారు చేస్తుంది. ప్రాణవాయువును కణం ఎలా పసిగడుతుందో తేల్చినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా అనే ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంతవరకు శాస్త్రం. జాతకం మొదలయ్యేది ఇక్కడి నుంచి.

ఈ కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్-9 ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండంలో కనబడదు, క్లియర్ సెల్ కేన్సరులో దండిగా కనబడుతుంది. కనుక అది ఎంత ఉన్నదో కొలిచి రోగి భవిష్యత్తు చెప్పవచ్చునా అని పరిశోధకులు అడిగారు. మంచి ప్రశ్నే. 2003లో లాస్ ఏంజలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవారు 321 మంది కణితులను పరీక్షించి, నూటికి 85 పాళ్ళ కణాలను గీటురాయిగా పెట్టుకున్నారు. అంతకు మించి రంగు పట్టినవారికంటె తక్కువ పట్టినవారు, ముఖ్యంగా వ్యాధి ఇతర అవయవాలకు ప్రాకినవారిలో, త్వరగా మరణించారని ప్రకటించారు. సూచిక దొరికిందని సంబరపడ్డారు.

2007లో మేయో క్లినిక్‌వారు 730 మందిని తీసుకుని అదే ప్రశ్న మళ్ళీ అడిగారు. విడిగా చూస్తే ఆ ప్రొటీను తక్కువగా ఉన్నవారికి ముప్పు ఎక్కువగానే కనబడింది. కాని కణ కేంద్రకం ఎంత వికృతంగా ఉన్నది, కణితిలో కొంత భాగం చచ్చిపోయి ఉన్నదా అనే రెండు పాత విషయాలను లెక్కలోకి తీసుకున్న వెంటనే ఆ ప్రొటీను చెప్పగలిగిన కొత్త కబురు ఏమీ మిగలలేదు. ఆ రెండింటినీ పాథాలజిస్టు మామూలు సూక్ష్మదర్శినిలోనే చూసి చెప్పగలడు.

తర్కం చదివినవారికి ఇది కొత్త కాదు. కొండమీద పొగ ఉన్నది కనుక నిప్పు ఉన్నదనవచ్చు. నిప్పు ఉన్నది కనుక పొగ ఉన్నదనరాదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నది, పొగ లేదు. పొగకు అసలు కావలసినది తడికట్టె. ఈ తడికట్టెనే మన తార్కికులు ఉపాధి అన్నారు. ఏదైనా ప్రొటీను మరణానికి గుర్తు అని ఎవరైనా అన్నప్పుడు మొదట అడగవలసిన మాట "తడికట్టె ఎక్కడ ఉన్నది?" అని. 2007లో మేయోవారు అడిగినది అదే. మన పత్రికలు మాత్రం 2003 నాటి తరహా వార్తను పతాకశీర్షికలో వేసి, 2007 నాటి తరహా వార్తను వేయనే వేయవు. వెలిగిన దీపం వార్త అవుతుంది, ఆరిన దీపం వార్త కాదు. ఇది నా మొదటి అభియోగం.

రెండవది గీటురాయి సంగతి. 85 ఎందుకు? 80 ఎందుకు కాకూడదు? విద్యార్థుల మార్కులన్నీ చూసుకున్న తరువాత ఉత్తీర్ణతకు ఎన్ని మార్కులు కావాలో నిర్ణయించే పరీక్షకుణ్ణి మనం ఏమంటాం? ఫలితాలు చేతిలో పెట్టుకుని, ఎక్కడ గీత గీస్తే తేడా బాగా కనబడుతుందో అక్కడ గీసే అలవాటు ఈ రంగంలో చాలాకాలంగా ఉన్నది. అలా గీసిన గీతలో తేడా కాకతాళీయంగానైనా కనబడుతుంది. పురుగు కొయ్యను తొలిస్తే ఒక్కొక్కప్పుడు అక్షరం ఏర్పడుతుంది. దానిని ఘుణాక్షర న్యాయం అంటాం. పురుగుకు అక్షరాభ్యాసం అయిందని ఎవరం అనుకోం. ఈ దోషాలు పెరిగిపోవటం వల్లనే 2005లో రిమార్క్ అనే పేరుతో ఇరవై అంశాల నియమావళి ఒకటి వచ్చింది. గీటురాయిని ఎలా నిర్ణయించారు, ఏయే పాత సూచికలతో పోల్చి చూశారు మొదలైనవన్నీ చెప్పి తీరాలని ఆ నియమావళి పరిశోధకులను అడుగుతుంది. వార్తలు వ్రాసేవారిని కూడ ఎవరైనా అడిగితే బాగుండును.

మూడవది ఈ టపాకు పేరిచ్చిన న్యాయం. కుండలో అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. సంస్కృతంలో ఇదే స్థాలీపులాక న్యాయం. కుండ అంతటా ఒకే వేడి తగిలింది కనుక ఆ న్యాయం అన్నానికి చెల్లుతుంది. కేన్సరు కణితికి చెల్లుతుందా? 2012లో లండనులో ఒక బృందం మూత్రపిండపు కేన్సరు కణితుల నుండి, ఒక్కొక్కదానిలో ఒక్కచోటు కాక అనేక చోట్ల ముక్కలు తీసి జన్యువులను చదివింది. కనబడిన జన్యుమార్పులలో 63 నుండి 69 శాతం అన్ని ముక్కలలోను లేవు. ఒకే కణితిలో ఒక మూల మంచి రోగగతికి గుర్తులు, మరొక మూల చెడ్డ రోగగతికి గుర్తులు కనబడ్డాయి. ఇది ఒకే కుండలో సగం పచ్చిబియ్యం, సగం మాడిన అన్నం ఉన్నట్టు. అటువంటి కుండలో ఒక్క మెతుకు పట్టుకుని, ఆ మెతుకు రంగును బట్టి మనిషి ఆయుర్దాయం చెప్పటం సాహసం.

ఆ రంగునైనా అందరూ ఒకేలా చదువుతారా? వ్యాసరచన పేపరుకు ఇద్దరు పరీక్షకులు ఒకే మార్కు వేయటం ఎంత అరుదో స్పాట్ వాల్యుయేషనుకు వెళ్ళినవారికి చెప్పనక్కరలేదు. గాజుపలకమీద ఎన్ని కణాలకు రంగు పట్టిందో కంటితో అంచనా వేయటం కూడ ఆ కోవలోనిదే. పైగా ఏ ప్రతిరక్షకంతో రంగు వేశారన్నదానిని బట్టి ఫలితం మారుతుంది.

ఇక ఈ వార్తలు మనుషులను ఏం చేస్తాయో చెప్తాను. నా సహోపాధ్యాయులు ఒకరు లెక్కల మాస్టారు. ఆయనకు మూత్రపిండంలో చిన్న కణితి కనబడితే శస్త్రచికిత్స చేశారు. కణితి మూత్రపిండం దాటి పోలేదు. మొదటి దశ, రెండవ గ్రేడు. ఎవరూ అడగకపోయినా ఒక ప్రయోగశాల నివేదికలో "పి.డి-ఎల్1 పాజిటివ్" అనే వాక్యాన్ని జోడించింది. దాని రుసుమునూ జోడించింది. ఆయన అంతర్జాలంలో వెదికారు. 2006లో వచ్చిన ఒక పరిశోధన దొరికింది. అందులో ఈ ప్రొటీను ఉన్నవారిలో ఐదేళ్ళపాటు ఆ కేన్సరు బారినుండి బ్రతికి బయటపడినవారు సుమారు 42 శాతం, లేనివారిలో సుమారు 83 శాతం. జీవితమంతా పిల్లలకు సగటు, మధ్యగతం, బాహుళకం చెప్పిన మనిషి. ఆ 42ను తన మెడలో కట్టుకుని ఇంటికి వచ్చారు. మేడమీద గది కట్టించటం ఆపేశారు. బ్యాంకు కాగితాలన్నీ కొడుకుకు అప్పగించారు. సాయంత్రం మనవరాలికి బీజగణితం చెప్పటం మానేశారు. "సగంలో ఆపి వెళ్ళటంకంటె మొదలుపెట్టకపోవటం మేలు కదండీ" అన్నారు నాతో.

ఐదు నెలల తరువాత ఒక వైద్యుడు ఆయనను కూర్చోబెట్టి వివరించాడు. ఆ పరిశోధనలోని 306 మందికి 1990ల దశకంలో శస్త్రచికిత్స జరిగింది. వారిలో అన్ని దశలవారూ ఉన్నారు. చిన్న కణితి తీసేసిన మొదటి దశ రోగినీ, ఊపిరితిత్తులకు ప్రాకిన నాలుగవ దశ రోగినీ కలిపి తీసిన లెక్క అది. పైగా ఈ కేన్సరుకు నేడు వాడుతున్న ముఖ్యమైన మందులేవీ అప్పటికి లేవు. సొరాఫెనిబ్, సునిటినిబ్‌లకు అమెరికాలో అనుమతి వచ్చింది 2005 డిసెంబరు, 2006 జనవరులలో. నివోలుమాబ్ వచ్చింది 2015లో. అంటే ఆ సంఖ్యకు ఒక తేదీ ఉన్నది. వార్త ఆ తేదీని చెరిపేసి సంఖ్యను మాత్రం చేతిలో పెట్టింది. మాస్టారు ఇప్పుడు వేళకు స్కాను చేయించుకుంటూ క్షేమంగా ఉన్నారు. ఆ ఐదు నెలలను ఆయనకు ఎవరు తిరిగి ఇస్తారు?

నాలుగవ అభియోగం భాషకు సంబంధించినది కనుక నేనే చేయాలి. మన వ్యాసాలలో రెండు వేరు వేరు విషయాలను ఒకే "సూచిక" అనే మాటతో కలిపేస్తున్నారు. ఒకటి రోగగతిని చెప్పేది. రెండవది ఏ చికిత్స ఎవరికి పని చేస్తుందో చెప్పేది. మొదటిదానిని రోగగతి సూచిక, రెండవదానిని చికిత్సాఫల సూచిక అందాం. ఈ రెండూ ఒకటి కావని పి.డి-ఎల్1 చరిత్రే చెబుతుంది. 2015లో వెలువడిన ఒక పరీక్షలో 821 మంది రోగులను రెండు వర్గాలుగా చేసి ఒకరికి నివోలుమాబ్, మరొకరికి ఎవరోలిమస్ ఇచ్చారు. కణితిలో పి.డి-ఎల్1 ఒక శాతమైనా ఉన్నవారిలో మధ్యగత జీవితకాలం నివోలుమాబ్‌తో 21.8 నెలలు, ఎవరోలిమస్‌తో 18.8 నెలలు. అది లేనివారిలో 27.4, 21.2 నెలలు. చూడండి, ప్రొటీను ఉన్నవారు రెండు మందులతోను తక్కువకాలమే జీవించారు. కనుక అది రోగగతిని కొంత చెప్పింది. కాని నివోలుమాబ్ ఉన్నవారికీ, లేనివారికీ కూడ మేలు చేసింది. కనుక ఆ మందు ఎవరికి ఇవ్వాలో అది చెప్పలేకపోయింది. "పి.డి-ఎల్1 లేదు కనుక మీకు ఈ మందు పనికిరాదు" అని దీనిని చూసి ఎవరైనా అంటే ఒక మనిషికి దక్కవలసిన నెలలను లాక్కున్నట్టే.

కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్-9ను కూడ ఈ రెండవ పదవిలో కూర్చోబెట్టాలని చూశారు. అది ఎక్కువగా ఉన్నవారికి ఇంటర్‌ల్యూకిన్-2 బాగా పని చేస్తుందని 2005లో పాత రోగుల నమూనాలను వెనక్కి తిరిగి చూసినప్పుడు అనిపించింది. ఆ మాటను ముందుగా ప్రకటించి, 120 మంది కొత్త రోగులలో పరీక్షించి 2015లో ఫలితం చెప్పారు. నూటికి 25 మందికి మందు పని చేసింది. ఎవరికి పని చేస్తుందో మాత్రం ఆ ప్రొటీను చెప్పలేకపోయింది. వెనక్కి చూసి చెప్పటం సులభం, ముందుకు చూసి చెప్పటం కష్టం. మా ఊరి జోస్యులకు కూడ తెలిసిన రహస్యమే ఇది.

మరి వైద్యులు రోగగతిని ఎలా అంచనా వేస్తున్నారు? వ్యాధి ప్రాకినవారి విషయంలో 2009లో కెనడా, అమెరికా ఆస్పత్రులు కలిసి 645 మందిని పరిశీలించి ఆరు అంశాలు చెప్పాయి. రోజువారీ పనులు చేసుకోగల శక్తి తగ్గటం, రోగం తెలిసిన ఏడాదిలోపే మందులు అవసరం కావటం, హిమోగ్లోబిన్ తగ్గటం, రక్తంలో కాల్షియం పెరగటం, న్యూట్రోఫిల్ కణాలు పెరగటం, ప్లేట్‌లెట్లు పెరగటం. వీటిలో ఒకటో రెండో ఉన్నవారిలో మధ్యగత జీవితకాలం ఆనాడు 27 నెలలు, మూడో అంతకు మించో ఉన్నవారిలో 8.8 నెలలు. నేటి మందులతో ఆ సంఖ్యలు మారాయి, తరగతుల క్రమం నిలిచింది. ఈ ఆరింటిలో ఏదీ జిల్లా ఆస్పత్రిలో తెలుసుకోలేనిది కాదు. ఇంత చౌకగా దొరికే విషయాన్ని దాటి ఏ కొత్త ప్రొటీను ఎంత ఎక్కువ చెబుతుందో ముందు చూపాలి. ఐరోపా యూరాలజీ సంఘంవారి మార్గదర్శకాలు ఏ అణుసూచికనూ నిత్యచికిత్సలో వాడమని సిఫారసు చేయకపోవటానికి కారణం ఇదే.

శస్త్రచికిత్స తరువాత పెంబ్రోలిజుమాబ్ ఇవ్వవచ్చునా అని 994 మందిలో జరిపిన పరీక్షనే తీసుకోండి. 2024లో వెలువడిన ఫలితాల ప్రకారం నాలుగేళ్ళకు మందు తీసుకున్నవారిలో 91.2 శాతం, తీసుకోనివారిలో 86 శాతం జీవించి ఉన్నారు. ఎవరికి ఇవ్వాలో ఆ పరీక్షలో నిర్ణయించింది ఏ కొత్త ప్రొటీనూ కాదు. కణితి దశ, గ్రేడు, వ్యాధి ఎంత దూరం ప్రాకినది అన్న పాత లెక్కలే.

నాకు వచ్చే ప్రతివాదాలు నాకు తెలుసు. "అయితే అన్ని సూచికలూ బూటకమేనా?" అని మొదటిది. కాదు. బ్యాప్1 అనే ప్రొటీను కణితిలో కనబడకుండా పోయినవారికి రోగగతి బాగుండదన్న విషయం అనేక చోట్ల, వేరు వేరు చేతులలో నిలబడింది. 2013లో డాలస్ పరిశోధకులు చూసిన రోగులలో ఆ జన్యువు పాడైనవారి మధ్యగత జీవితకాలం 4.6 ఏళ్ళు, పి.బి.ఆర్.ఎం.1 అనే మరొక జన్యువు పాడైనవారిది 10.6 ఏళ్ళు. దీనిని నేను గౌరవిస్తాను. కాని దీనిని కూడ ఒక మనిషికి వర్తింపజేసే ముందు మధ్యగతం అంటే ఏమిటో చెప్పాలి. సగం మంది అంతకంటె ఎక్కువ కాలం బ్రతికారని దాని అర్థం. గడువు తేదీ అని కాదు.

రెండవ ప్రతివాదం ఎదురు దిక్కు నుంచి వస్తుంది. "ఇదంతా మందుల కంపెనీల మాయ, ఈ పరిశోధనలన్నీ దండగ" అనేవారు మన మధ్య తక్కువేమీ కాదు. వారితోను నాకు పేచీ ఉన్నది. వి.హెచ్.ఎల్. కథను ఓపికగా చదివినందుకే హిఫ్‌ను నేరుగా పట్టుకునే బెల్జుటిఫాన్ అనే మందు వచ్చింది. 2021లో వి.హెచ్.ఎల్. వంశవ్యాధికి, 2023 డిసెంబరులో ముదిరిన మూత్రపిండపు కేన్సరుకు అమెరికాలో అనుమతి పొందింది. జ్యోతిష్కుడుగా ఓడిపోయిన కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్-9 కూడ వృథా పోలేదు. దానిని వెదికి పట్టుకునే ప్రతిరక్షకానికి స్వల్పంగా రేడియోధార్మికతను జోడించి స్కాను తీస్తే, అనుమానపు కణితి క్లియర్ సెల్ రకమా కాదా అన్నది నూటికి 85కు పైగా సరిగా తెలుస్తున్నదని 2024లో ప్రచురితమైన పరీక్ష చూపింది. రక్తంలో దొరికే కిమ్-1 అనే ప్రొటీనుమీద కూడ ఇప్పుడు ఆశలున్నాయి. ఆశ ఉన్నదని వ్రాయండి. తేలిపోయిందని వ్రాయకండి.

మూడవది: "తెలుసుకోవటం రోగి హక్కు కాదా?" తప్పకుండా హక్కే. చరకసంహితలో ఇంద్రియస్థానమని పన్నెండు అధ్యాయాల భాగం ఉన్నది. మరణసూచకాలైన అరిష్ట లక్షణాలను చెప్పేది అదే. అవన్నీ వివరించిన తరువాత గ్రంథకర్త వైద్యుడికి ఒక హెచ్చరిక చేస్తాడు. అడగనిదే మరణవార్త చెప్పవద్దని, రోగికి దెబ్బ తగిలేచోట అడిగినా చెప్పవద్దని. ఆ నియమాన్ని నేడు యథాతథంగా పాటించాలని నేననను. అడిగిన రోగికి నిజం దాచటం అన్యాయం. కాని ఆ హెచ్చరికలో ఒక వివేకం ఉన్నది. గుర్తు తెలియటం వేరు, దానిని మనిషి చేతిలో పెట్టటం వేరు. రోగికి హక్కు ఉన్నది నిజంమీద. ఆ నిజంలో అనిశ్చయం కూడ ఒక భాగం. దానిని కత్తిరించి ఇచ్చినవాడు నిజం ఇవ్వలేదు.

కనుక తెలుగులో వైద్యవిషయాలు వ్రాసే మిత్రులకు నా విన్నపం. ఏదైనా ప్రొటీనును గురించి వ్రాసే ముందు మూడు ప్రశ్నలు అడగండి. కణితి దశ, గ్రేడు చెప్పినదానికంటె ఇది కొత్తగా ఏం చెబుతున్నది? వేరొకరి చేతిలో, వేరొక రోగుల సమూహంలో ఇది నిలిచిందా? ఇది తెలిసినందువల్ల వైద్యుడు చేసే పని ఏమైనా మారుతుందా? మూడింటికీ జవాబు దొరికితే వ్రాయండి, నేనే పదిమందికి చదివి వినిపిస్తాను. దొరకకపోతే కనీసం ఆ శీర్షికలో "ఆయుష్షు" అన్న మాట తీసివేయండి. మీ పాఠకులలో నిన్ననే ఆస్పత్రి నుంచి కాగితాలు తెచ్చుకున్నవాడు ఒకడు ఉండవచ్చు. ఆ మాటను అతడు మీకంటె శ్రద్ధగా చదువుతాడు.

విభేదించేవారికి స్వాగతం. ఆధారంతో విభేదించండి.